మా బావ కొన్న గేమింగ్ కంప్యూటరు

మా అక్క మొగుడికి తెలియని విషయం లేదు. ఈ మాట అన్నది ఆయనే. రావికమతంలో ఒక ప్రభుత్వాఫీసులో సీనియర్ అసిస్టెంటు. పొద్దస్తమానం జనం తన ఎదుట చేతులు కట్టుకుని నిలబడడం అలవాటైపోయి, సాయంత్రం అనకాపల్లిలో ఇంటికి వచ్చాక కూడా మేమందరం ఏదో సర్టిఫికెట్ కోసం వచ్చినవాళ్లమే అన్నట్టు మాట్లాడేవాడు.

రెండువేల సంవత్సరం దాటి కొన్నాళ్లయింది. నేను ఊళ్లో ఒక కంప్యూటర్ ఇన్‌స్టిట్యూట్‌లో పాఠాలు చెప్పేదాన్ని. మెకానిక్కుకి డబ్బులివ్వడం ఇష్టంలేని మా ఓనరు పుణ్యమా అని, అక్కడి కంప్యూటర్లు విప్పడం, బిగించడం కూడా నా నెత్తినే పడింది. సొంతంగా ఒకటి కొనుక్కుంటానంటే ఇంట్లో ఎవరూ కాదనలేదు. కారు రేసులు ఆడుకోవడానికని చెప్పేసరికి మాత్రం అమ్మ మోకాళ్ల మీద ప్రార్థనకి కూర్చుంది. బావ పకపకా నవ్వాడు.

"ఆడపిల్లకి కారు రేసులేటే? సరే, కొంటే కంపెనీదే కొనాల. ముక్కలు ముక్కలు తెచ్చి బిగించుకుంటే కంప్యూటరవుతాదేటి?"

ఆయన్ని వెంటబెట్టుకుని వెళితేనే గాని విశాఖపట్నం పంపనంది అమ్మ. వెళ్లాం. ఏసీ షోరూము, టై కట్టుకున్న సేల్స్‌మన్. ముందువైపు మంటల బొమ్మ అతికించి, లోపల నీలం లైటు వెలిగే ఒక పెట్టెని మాకు చూపించాడు. గేమింగ్ కంప్యూటరట. ఆటలో బొమ్మలు సాఫీగా కదలాలంటే విడిగా ఒక గ్రాఫిక్స్ కార్డు ఉండాలి. అది ఏ కార్డని నేనడిగాను.

"ఇది గేమింగ్ మోడల్ సార్," అని అతను బావకి జవాబు చెప్పాడు.

"కార్డు ఉందా, లేదా?"

"అన్నీ ఇన్‌బిల్ట్ సార్."

అడిగేది నేను, కొనేది నేను, జవాబు మాత్రం మా బావ మీసానికి. మంటల బొమ్మకి ఎంత, నీలం లైటుకి ఎంత అని అడగబోయి ఊరుకున్నాను. వాళ్లు చెప్పిన ధరకి విడిభాగాలు కొంటే మంచి గ్రాఫిక్స్ కార్డు వేసుకుని కూడా ఇంకా మిగులుతుంది. ఆ మాటే బావతో అన్నాను.

"గేమింగని రాసేడు కదేటే. రాసినోడికి తెలీదా, నీకు తెలుసా?" అన్నాడు. కాగితం మీద బతికే మనిషి, రాసి ఉన్నదాన్ని ఎలా కాదంటాడు? నాకు బుద్ధి చెప్పాలనో, సేల్స్‌మన్ 'సార్' అన్న తీపికో, ఆ పెట్టె తన ఇంటికి కొనేశాడు.

నేను వెనక సందులో విడిభాగాలమ్మే కొట్టుకి పోయాను. ఆ కొట్టువాడూ హరిశ్చంద్రుడేం కాదు. మంచి పవర్ సప్లై అడిగితే నాసిరకం అంటగట్టబోయాడు. కానీ అట్టపెట్టె విప్పి చూపించమంటే విప్పి చూపించాడు. నాకంతే కావలసింది.

ఇంటికొచ్చి భోజనాల బల్ల మీద బిగించాను. వేడుక చూడడానికి బావ కుర్చీ లాక్కుని కూర్చున్నాడు. స్విచ్చి నొక్కితే తెర నల్లగా ఉండిపోయింది, లోపలినుంచి కీ కీ మని చప్పుడు.

"సూసేవా? అంబులెన్సునాగ కూత్తంది!" అన్నాడు సంతోషంగా.

ర్యామ్ ముక్క దాని గాడిలో సరిగ్గా కూర్చోలేదు. తీసి మళ్లీ గట్టిగా నొక్కాను, తెర వెలిగింది. బావ టీ తాగకుండా వెళ్లిపోయాడు.

తరవాతి ఆదివారం గుడిలో ఆరాధన అయ్యాక తన కంప్యూటరు ప్రారంభానికి బంధువులందరినీ పిలిచాడు. బిరియానీ వండించాడు. పాస్టరుగారి చేత దానికి ప్రార్థన కూడా చేయించాడు. ఆమెన్ అన్నాక నా దగ్గరున్న రేసు సీడీ అడిగి తీసుకుని వేశాడు. ఆట మొదలైంది. కారు ఇక్కడ కనబడింది, ఆగింది. కాసేపటికి అక్కడ కనబడింది, మళ్లీ ఆగింది. మధ్యలో ఎలా వెళ్లిందో దేవుడికే తెలియాలి.

"ఏటి బావా, ఫొటోలు సూపిత్తన్నావా?" అన్నాడు తుమ్మపాల నుంచి వచ్చిన ఒక చుట్టం. చెరుకు రైతు, ఎకసెక్కం చేయాలని అన్నది కాదు. నిజంగానే ఫొటోలనుకున్నాడు. గది గదంతా నవ్వింది. నేనూ నవ్వాను, మర్యాదకి కూడా దాచుకోలేదు.

బావ కంపెనీకి ఫోన్ల మీద ఫోన్లు చేశాడు. చివరికి వాళ్ల మెకానిక్కు వచ్చి విప్పి చూసి, గ్రాఫిక్స్ కార్డు లేదు, పెట్టడానికి లోపల చోటూ లేదు అన్నాడు.

"మరి గేమింగని రాసేరు?"

"పేకాట బాగా ఆడొచ్చు సార్."

అప్పటినుంచి బావ నీతులు మొదలెట్టాడు. ఆటలు మనిషిని పాడుచేస్తాయట, కంప్యూటరనేది జ్ఞానానికట. ఆ జ్ఞానపు పెట్టె మీద ఎంబ్రాయిడరీ గుడ్డ కప్పి పెట్టారు. అక్క మాత్రం మధ్యాహ్నాలు మా ఇంటికి వచ్చి రేసులాడేది. సైకిలు కూడా తొక్కని మనిషి, కారుని గోడకేసి గుద్ది గుద్ది, కళ్ల నీళ్లు వచ్చేలా నవ్వేది. పెళ్లయ్యాక అక్క అలా నవ్వడం అంతకుముందు నేను చూడలేదు.

"ఇంటికాడ ఉంది కదే ఒకటి," అన్నాను ఓసారి.

"ఉందిలే, దుమ్ము దులపడానికి," అంది తెర మీంచి కళ్లు తిప్పకుండా.

కొన్నాళ్లకి ఒక పెళ్లిలో అదే తుమ్మపాల చుట్టం, కూతురి చదువుకి కంప్యూటరు కొందామనుకుంటున్నానన్నాడు. నేను నోరు విప్పేలోపు బావ అందుకున్నాడు.

"కంపెనీది కొనకు బావా, ఒట్టి మోసం. ముక్కలు కొని బిగించుకోవాల. మా మరదలికి నానే దగ్గరుండి బిగించి పెట్టేను."

దగ్గరుండటం నిజమే, కుర్చీలో. అక్క నా చెయ్యి గిల్లింది, ఊరుకొమ్మని. ఊరుకున్నాను. అలాంటివాడితో వాదిస్తే గెలిచినా సిగ్గే.

ఆ నెల రెండో శనివారం బావ, ఆ చుట్టం, నేను ముగ్గురం విశాఖపట్నం వెళ్లాం. సామాన్లు నేను ఎంచాను. ఆ రోజుల్లో మానిటర్లు బండరాయి బరువుండేవి. ఆ మానిటరు పెట్టె తీసి బావ చేతుల్లో పెట్టి, "అన్నీ తెలిసిన నీకంటే జాగర్తగా ఇంకెవరు పట్టుకుంటారు బావా?" అన్నాను. రైలు దిగాక వంతెన మెట్లెక్కుతూ, రొప్పుతూ, చెమటలు కక్కుతూ, ఆ రైతుకి గ్రాఫిక్స్ కార్డంటే ఏమిటో చెబుతూనే ఉన్నాడు. అందులో సగం తప్పు. నేను చేతులూపుకుంటూ ముందు నడిచాను.