మళ్ళీ అడగని ముసలమ్మ

మా ఇంట్లో ఎవరేం పెట్టినా, ఏం ఇస్తామన్నా మొదటిసారి వద్దనాలి. రెండోసారి "ఎందుకులెండి" అనాలి. మూడోసారి కాస్త ఇబ్బంది పడుతున్నట్టు మొహం పెట్టి తీసుకోవాలి. ఇది ఎవరూ కూర్చోబెట్టి నేర్పరు, నడక వచ్చినట్టే వచ్చేస్తుంది. భోజనాల బంతిలో నెయ్యి వడ్డించే మనిషి రాగానే విస్తరికి చెయ్యి అడ్డం పెట్టాలి, పెడుతూనే వేళ్ళ మధ్య సందు వదలాలి. వడ్డించే మనిషికీ ఆ సందు సంగతి తెలుసు. నాకు పుట్టినప్పటినించీ ముక్కుమీద కోపం. ఈ తతంగం చూస్తే ఒళ్ళు మండేది. కావాలంటే కావాలని చెప్పొచ్చుగా అని అమ్మని నిలదీస్తే, "అడగ్గానే చెయ్యి చాచడానికి మనమేమన్నా మొహం వాచి ఉన్నామటే?" అనేది.

మాది చేపల వ్యాపారం. తాతల కాలంలో సముద్రం మీద బతికినవాళ్ళం. నాన్న బెజవాడ వచ్చి, గుణదలలో ఇల్లు తీసుకుని, కొల్లేరు చేపలు కొని లారీలకెక్కించే పనిలో పడ్డాడు. రెండు వేల సంవత్సరం దాటిన కొత్తలో, వ్యాపారస్తులందరూ కొంటున్నారని ఆయనా ఒక కంప్యూటర్ కొన్నాడు. కొన్నాక దానితో ఏం చెయ్యాలో ఆయనకి తెలియలేదు, వ్యాపారం మునుపటిలాగే ఫోన్లోనే, నోటితోనే సాగింది. అమ్మ దానికి పాత చీరతో ముసుగు కుట్టి, పైన కుంకుమ బొట్టు పెట్టింది. నేనప్పుడు ఇంటర్ పరీక్షలు రాసి ఖాళీగా ఉన్నాను. ఏదో కంప్యూటర్ పత్రికతో పాటు ఊరికే ఇచ్చిన సీడీ ఒకటి నా చేతికొచ్చింది. అందులో ఒక ఆట ఉంది.

ఆటలో ఒక పిల్ల, చేతిలో లాంతరు. ఊళ్ళన్నీ వరదలో మునిగిపోయి ఉంటాయి. మునిగిన ఇళ్ళ కప్పుల మీద, కొట్టుకొచ్చిన దుంగల మీద, పడవల మీద గెంతుకుంటూ ఆ పిల్ల దూరంగా ఉన్న లైట్‌హౌస్ చేరాలి. అక్కడ ఆరిపోయిన దీపం వెలిగించాలి. దారిలో మనుషులు ఎదురవుతారు. ఒక్కొక్కరి దగ్గరా ఆట ఆగి మనల్నో మాట అడుగుతుంది. మనం చెప్పిన జవాబుని బట్టి ముందు దారి మారిపోతుంది, చివరికి ముగింపు కూడా మారిపోతుంది. మంచిగా ఆడితే మంచి ముగింపు ఉంటుందని సీడీ కవరు మీద రాశారు.

ఆడదామని కూర్చున్నది నేనే గానీ, కుర్చీ మాత్రం మా అత్త లాగేసుకుంది. అత్తంటే నాన్న చెల్లెలు. పెళ్ళయిన కొత్తలోనే అత్తారింటినించి తిరిగొచ్చేసి మాతోనే ఉండేది. ఎందుకొచ్చేశావని ఎవరైనా అడిగితే, "అక్కడ చేపల పులుసు బాగా కాయరు" అని చెప్పేది, అంతకుమించి ఒక్క ముక్క ఎవరూ రాబట్టలేకపోయారు. చిన్నప్పటినించీ రొయ్యలు ఒలిచిన వేళ్ళు ఆవిడవి. కీబోర్డు మీద పెట్టిన పూటే నన్ను మించిపోయింది. ఆవిడకి ఇంగ్లీషు రాదు కాబట్టి నేను పక్కన ముక్కాలిపీట మీద కూర్చుని, తెర మీద మాటలు తెలుగులో చెప్పాలి. అలా నా ఆటలో నేను దుబాసీనయ్యాను.

మొదట ఒక ఇంటి కప్పు మీద ముసలమ్మ కనిపించింది. పొయ్యి రాజేసి ఏదో కాస్తోంది. వాన పడుతోంది.

"తింటావా అని అడుగుతోంది అత్తా."

"వద్దను. ఇప్పుడే తిని బయల్దేరానని చెప్పు."

"తిన్నానని చెప్పే వీల్లేదు. తింటాను, వద్దు, ఆ రెండే ఉన్నాయి."

"వద్దను మరి. మళ్ళీ అడుగుద్దిలే."

వద్దని నొక్కాను. ముసలమ్మ తలూపి, గిన్నె మీద మూత పెట్టేసి, లోపలికెళ్ళి తలుపేసుకుంది. అత్త తెరమీదికి వంగింది.

"అదేంటే? అంతేనా? బలవంతం చెయ్యదా?"

"చెయ్యదు."

"ఏం మనుషులే బాబూ," అంది అత్త, నిజంగా నొచ్చుకుని.

తర్వాత ఒక పడవవాడు తెడ్డు ఇస్తానన్నాడు. వాడికి అదొక్కటే ఉంది, మనం ఎలా తీసుకుంటామని వద్దంది. వంతెన కింద ఒకడు భుజం మీద ఎక్కించుకుని దాటిస్తానన్నాడు. ముక్కూమొహం తెలియనివాడి భుజమెక్కుతామా, వద్దంది. ఎదటివాళ్ళు అడిగితే మాత్రం లాంతరులో నూనె పోసింది, గొడుగిచ్చింది, వలలో చిక్కిన కొంగని విడిపించింది. ఎవరి దగ్గరా ఏమీ పుచ్చుకోకుండా, అందరికీ ఇస్తూ, పడుతూ లేస్తూ, చచ్చీచెడీ లైట్‌హౌస్ ఎక్కింది. ఇంత మంచిగా ఇంకెవరూ ఆడి ఉండరని మేమిద్దరం గట్టిగా నమ్మాం. అమ్మ కూడా చేతులు తుడుచుకుంటూ వచ్చి నిలబడింది.

దీపం వెలిగింది. పిల్ల పైన ఒక్కతే నిలబడింది. చుట్టూ నీళ్ళు. ఎవరూ రాలేదు. నెమ్మదిగా తెర నల్లబడి, "నీకెవరి అవసరమూ లేదు" అని ఒక వాక్యం వచ్చింది. నేను తెలుగులో చెప్పాను. అత్త మొహం చిన్నబోయింది. అమ్మ మాత్రం "దిక్కుమాలిన ఆట" అని వంటింట్లోకి వెళ్ళిపోయింది.

అత్త అంత చిన్నబుచ్చుకోవడానికి కారణం నాకు తెలుసు, ఇంట్లో అందరికీ తెలుసు. ఆ ఏడు వేసవి మొదట్లోనే హనుమాన్ జంక్షన్ దగ్గర ఒక గృహప్రవేశానికి వెళ్ళాం. జంక్షన్లో నాన్న లారీలకి ఐసు పోసే ఫ్యాక్టరీ ఒకటుండేది. పొలాలున్న కుటుంబం వాళ్ళది, వ్యాపారం మాత్రం ఇంటావిడే చూసుకునేది. నాన్న ఊళ్ళో లేనప్పుడు ఏ లారీ ఎప్పుడొస్తుందో, ఎంత ఐసు కావాలో అత్తే ఫోన్లో మాట్లాడేది కాబట్టి ఆవిడకి అత్త గొంతు బాగా తెలుసు. ఆ రోజు బంతిలో పక్కపక్కన కూర్చున్నప్పుడు, "మా ఆఫీసు మీరొచ్చి చూసుకుంటారా అండీ? నాకు ఒక్కదానికీ అవడం లేదు" అంది ఆవిడ. అత్త ఆ మాట వినగానే ఎలా వెలిగిపోయిందో ఎదురుగా కూర్చున్న నేను చూశాను. వెంటనే నోటినించి వచ్చింది మాత్రం, "అబ్బే, నాకేం వచ్చండీ!"

సరిగ్గా అప్పుడే పులిహోర వచ్చింది. ఆవిడ విస్తరి వైపు తిరిగింది. అంతే, మాట అక్కడ ఆగిపోయింది.

అప్పటినించీ అత్త ఆ రెండో పిలుపు కోసం ఎదురుచూస్తోంది. ఫోన్ మోగితే వంటింట్లోంచి చెయ్యి కడుక్కోకుండా వచ్చేది. ఐసు సంగతులు మాట్లాడుకునేవాళ్ళు, ఎండలు మాట్లాడుకునేవాళ్ళు, ఆ ముక్క మాత్రం అటూ రాదు, ఇటూ రాదు. నాన్న చెల్లెల్ని పువ్వులా చూసుకునేవాడు, ఆవిడకి లోటేమీ లేదు. కానీ తనకంటూ ఒక కుర్చీ, ఒక బల్ల, తను వెళ్ళకపోతే ఆగిపోయే పని ఒకటి కావాలని ఆవిడ మనసు. ఆ మాట ఒకసారి బట్టలారేస్తూ నాతో అంది. నువ్వే ఫోన్ చేసి వస్తానని చెప్పెయ్ అన్నాను. "బాగోదే, వద్దన్న నోటితో" అంది. అడగందే అమ్మైనా పెట్టదంటారు గదా అని నేను సామెత ఎత్తాను. దండెం అవతలినించి అమ్మ, "నేను అడక్కుండానే పెడుతున్నానుగా, అందుకే మీకు అడగడం రాకుండా పోయింది" అంది. అని ఊరుకుందా, "మొహమాటానికి పోతే" అని ఇంకో సామెత మొదలుపెట్టి, నేను పక్కనున్నానని సగంలో మింగేసింది.

ఆట సంగతికొస్తే, ఒక ఆదివారం మధ్యాహ్నం నాన్న కూర్చున్నాడు. చేపల బేరంలో పండిపోయిన మనిషికి మొహమాటమెక్కడిది? ముసలమ్మ తింటావా అంటే తిన్నాడు. తెడ్డు ఇస్తానంటే తీసుకున్నాడు. ఇవ్వనన్నవాళ్ళ దగ్గర లాక్కోవచ్చా అని అడిగి, లాక్కోవచ్చంటే లాక్కున్నాడు. ఎవరికీ చుక్క నూనె పొయ్యలేదు. చివరికి పిల్ల లైట్‌హౌస్‌కి రాణీ అయి, తలుపులకి తాళం వేసుకుని, గదుల నిండా సామాను మధ్య కూర్చుంది. ఆటవాళ్ళు అది చెడ్డ ముగింపు అనుకుని పెట్టారు. నాన్న మాత్రం, "బ్రహ్మాండంగా ఉందే! సరుకు దండిగా ఉంది" అని మీసం సవరించుకున్నాడు. మేము పొట్ట పట్టుకుని నవ్వాం.

నవ్వు అయ్యాక అత్త అంది: "అన్నయ్య తిన్నాక ఆ ముసలిది నవ్వింది, చూశావా?"

నేను చూడలేదు. అత్త చూసింది. మర్నాడు మళ్ళీ మొదటినించీ మొదలుపెట్టింది. ముసలమ్మ అడిగింది. అత్త మీటల మీదినించి చేతులు తీసింది. ఎవరో పరాయివాళ్ళ ముందు కూర్చున్నట్టు పమిట సర్దుకుంది కూడా. తర్వాత "తింటానను" అంది. ముసలమ్మ గిన్నె ఇచ్చి, పక్కన కూర్చుని, ఏ కప్పు మీదినించి ఏ కప్పు మీదికి గెంతాలో చెప్పింది. అది మాకు అన్నాళ్ళూ తెలియని దారి. తెడ్డు ఇచ్చినవాడు దుంగని పట్టుకుని నిలబడ్డాడు. భుజమెక్కించుకున్నవాడు కబుర్లు చెప్పాడు. అత్త ఇచ్చేవి మానలేదు, ఇస్తామన్నవి కాదనలేదు. లైట్‌హౌస్ దీపం వెలిగేసరికి నీళ్ళ మీద పడవలు, ఒక్కొక్క పడవలో ఒక్కొక్కరూ, ఎవరి దగ్గర ఏం పుచ్చుకుందో వాళ్ళందరూ వచ్చారు. ముసలమ్మ గిన్నె కూడా తెచ్చుకుంది.

"పుచ్చుకుంటే మనవాళ్ళయిపోతారన్నమాట," అంది అత్త. తర్వాత ముసుగు తీసుకొచ్చి కంప్యూటర్‌కి కప్పేసింది.

ఆట చూసి మనిషికి బుద్ధొచ్చిందని నీతికథ చెప్పడం నాకు సుతరామూ ఇష్టం లేదు. అత్త ఇప్పటికీ ఒప్పుకోదు. జంక్షన్లో జాకెట్లు కుట్టడానికిచ్చాననీ, అవి తెచ్చుకోవడానికే వెళ్ళాననీ అంటుంది. బెజవాడలో ఇంతమంది టైలర్లుండగా జాకెట్లు జంక్షన్లో ఎవరు కుట్టిస్తారు? ఏదేమైనా ఆ వారంలోనే నన్ను తోడు తీసుకుని బస్సెక్కింది. ఎవరింటికి వెళ్ళినా భోజనానికి వచ్చామనుకోకూడదు గదా, అందుకని అమ్మ మా ఇద్దరికీ పొద్దున్నే పీకలదాకా పెట్టి పంపింది.

ఫ్యాక్టరీ వెనకే ఆవిడ ఇల్లు. మమ్మల్ని చూసి ఎంతో సంబరపడింది. "రండి రండి, ముందు భోంచేద్దురు గాని."

నేను "ఇప్పుడే తిని" దాకా అన్నాను. అత్త నా చెయ్యి నొక్కి, "పెట్టండి" అంది.

ఆవిడ ఒక్క క్షణం తెల్లబోయింది. అంత త్వరగా ఎవరూ ఒప్పుకోరు గదా, ఆవిడకి ఇంకా బతిమాలే మాటలు నోట్లోనే ఉన్నాయి. తర్వాత గబగబా కంచాలు పెట్టింది. పప్పు, గోంగూర, చేప వేపుడు. మేము రెండో భోజనం మొదలుపెట్టాం. కబుర్లు నడుస్తున్నాయి. కరెంటు కోతలు, లారీలు, మా నాన్న ఆరోగ్యం. నాకు ముద్ద దిగడం లేదు, ఒకటి పొట్టలో చోటు లేక, రెండు కోపంతో. అడగవేంటి అత్తా అని బల్ల కింద కాలితో తన్నాను. అత్త అన్నం కలుపుతూనే ఉంది.

చివరికి ఆవిడే అంది, పెరుగు వడ్డిస్తూ, ఎటో చూస్తూ: "ఆ రోజు బంతిలో తొందరపడి అడిగేశానండీ. మీరు వద్దన్నారు. మళ్ళీ అడిగితే బలవంతం చేసినట్టుంటుందని ఊరుకున్నాను. అన్నగారి ఇంట్లో హాయిగా ఉన్నారు, నా దగ్గరికొచ్చి ఆ ఐసులో ఏం పాట్లు పడతార్లే అనిపించింది. ఇప్పటిదాకా ఇంకొకరిని పెట్టుకోలేదు కూడా."

అని ఆగిపోయింది. అడగలేదు. ఇటు ఈవిడ పిలుపు కోసం కాచుక్కూర్చుంటే, అటు ఆవిడ పిలవడానికి మొహమాటపడి కూర్చుంది. నాకు ఇద్దరి నెత్తినా ఒక్కొక్కటి మొట్టాలనిపించింది.

అత్త ఎంగిలి చెయ్యి కంచంలో పెట్టుకుని తలెత్తింది. మొహం ఎర్రబడిపోయింది. మాట మాత్రం స్పష్టంగానే వచ్చింది.

"మళ్ళీ ఒకసారి అడగండి."

ఆవిడ పెరుగు గిన్నె కింద పెట్టింది. మొదటిసారి అడుగుతున్నట్టే, ఎంతో మర్యాదగా, "మా ఆఫీసు మీరొచ్చి" అని మొదలుపెట్టింది. వాక్యం పూర్తవకుండానే అత్త "వస్తానండీ" అంది. ఇద్దరూ ఒకళ్ళ మొహం ఒకళ్ళు చూసుకుని ఒక్కసారి నవ్వేశారు. నవ్వుతూనే అత్త ఎడమచేతి వెనకవైపుతో కళ్ళు తుడుచుకుంది. నాకూ ఏడుపొచ్చింది, సంతోషంగా, సిగ్గులేకుండా. పీకలదాకా తిని ఉన్నాను కాబట్టి దానితో పాటు ఎక్కిళ్ళు కూడా వచ్చాయి.