పట్నం రైలు, మా అక్క గిర్ని

పట్నంలో రైలు నేల కిందికి దిగకపోవడానికి నేనే కారణమని మా అక్క ఇప్పటికీ అంటుంది. అది అబద్ధం. అంత పెద్ద రైలు నా మాట విని ఎటు పోవాలో తేల్చుకుంటుందా. కాకపోతే అక్క దుకాణమున్న రోడ్డు మీది జనం నా మాట విని భయపడ్డది నిజం. అంతవరకు ఒప్పుకుంటాను.

నేను గోదావరిఖనిలో బొగ్గుబాయి దిగినవాణ్ని. ముప్పై ఏళ్ళకు పైగా టింబర్‌మన్ పని చేశాను. అంటే బాయిలో పైకప్పు మనుషుల మీద పడకుండా కింద కర్రలు నిలబెట్టేవాణ్ని. నలభై దాటాక క్వార్టర్ల దగ్గర పెట్టిన బడిలో అక్షరాలు నేర్చుకున్నాను. అప్పటిదాకా వేలిముద్రే. నేర్చుకున్నాక మాత్రం ఎక్కడ సంతకం అన్నా అందరికంటే ముందు నేనే పెట్టేవాణ్ని. ఆ కాగితంలో ఏముందో చదవడం తర్వాత సంగతి.

మా అక్క పట్నంలో పిండి గిర్ని నడిపేది. బావ పోయాక ఆ గిర్నే ఆమెకు అన్నం పెట్టింది. గిర్ని ముందున్న రోడ్డు పొడుగునా సిమెంటు స్తంభాలు లేపి, వాటి మీద రైలు నడుపుతామని సర్కారు వాళ్ళు వచ్చి కొలిచి, దుకాణాల గోడల మీద ఎర్ర గీతలు గీసి పోయారు. అక్క గిర్నిలో ఆ గీత మిషను వెనక పడింది. గీతకు ముందున్నదంతా రోడ్డుకు పోతుందట. అంటే మిషను జాగా పోయినట్టే.

అక్క ఫోను చేసింది.

“తమ్మి, నువ్వు జల్ది రా. సోమవారం మీటింగున్నది.”

“నేనొచ్చి ఏం చెయ్యాలె అక్కా?”

“చెప్పాలె. రైలును భూమి కింద నడిపిచ్చుకోండ్రి, మా దుకాండ్ల జోలికి రాకుండ్రి అని మేమంత ఒక్కటైనం. మా తమ్ముడు ఇన్నేండ్లు భూమి కిందనే బతికిండు, ఆయనకు తెల్వంది లేదని నేను చెప్పిన.”

“నాకు తెలిసింది బొగ్గు గదా.”

“ఏదైతేంది. వచ్చేటప్పుడు నీ టోపీ తెచ్చుకో.”

నా బాయి టోపీలో మా కోడి గుడ్లు పొదుగుతోంది. దాన్ని లేపబోతే నా భార్య నన్నే లేపింది. చేసేది లేక పక్కింటాయన టోపీ అడుక్కున్నాను. నాది కాని నంబరు దాని మీద పెద్దగా రాసి ఉంది. తెలంగాణ కొట్లాట నడుస్తున్న రోజులు. బందు లేని రోజు చూసుకొని రామగుండంలో రైలెక్కాను. సభలో చదవడానికి నా మాట నేనే కాగితం మీద పెట్టుకున్నాను. పెద్దపల్లి దాటేసరికి ఒక లైను, కాజీపేట వచ్చేసరికి నాలుగు లైన్లు అయ్యాయి. బండి ఊగడం వల్ల అక్షరాలు వంకర పోయాయి గాని మాట తిన్నగానే ఉంది. భూమి కింద పని చేయవచ్చు. భయం లేదు. నేను చేశాను. బతికి ఉన్నాను.

సభ ఒక ఫంక్షన్ హాల్లో పెట్టారు. ముందురోజు పెళ్ళి జరిగినట్టుంది, వేదిక మీద పూలు ఇంకా వేలాడుతున్నాయి. రైలు ఆఫీసరు పెళ్ళికొడుకు కుర్చీలో కూర్చున్నాడు. పక్కన పెళ్ళికూతురు కుర్చీలో రైలు దారి పటాలు పెట్టారు.

ఆయన చల్లగా మాట్లాడే మనిషి. ముందు కొన్ని రోడ్లకే రైలు వేస్తామని, ఊరు పెరిగేకొద్దీ నలుదిక్కులా పొడిగిస్తామని పటం మీద చూపించాడు. మా వాళ్ళు నేల కింద, నేల కింద అని అరుస్తుంటే ఓపికగా విన్నాడు.

“నేల కింద తవ్వితే ఖర్చు ఎన్నో రెట్లు పెరుగుతుందండి. సర్కారు ఇచ్చేది కొంత, కట్టే కంపెనీ పెట్టేది కొంత, బ్యాంకు అప్పు కొంత. మిగతాది టికెట్ల మీద, స్టేషన్ల దగ్గరి దుకాణాల కిరాయిల మీద రావాలి. పైన పడే ఖర్చు ఎవరు పెట్టాలంటారు?”

బట్టల దుకాణం సేటు లేచాడు. మా వాళ్ళందరికీ ఆయనే పెద్ద. “పట్నం పెరుగుతున్నది సార్. గిసొంటి పనికి పైసల మొహం చూస్తరా?”

“మంచి మాట. మరి ఈ రోడ్డు దుకాణాల మీద కొంత పన్ను వేసుకోమంటారా?”

సేటు రుమాలు తీసి మొహం తుడుచుకున్నాడు. “ముందు మా పెద్దమనిషి చెప్పేది వినుండ్రి సార్” అని నా భుజం పట్టి లేపాడు.

టోపీ పెట్టుకొని నిలబడ్డాను. నా నాలుగు లైన్లు చదివాను. చప్పట్లు కొట్టారు. అక్కడే కూర్చుంటే అయిపోయేది. కాని ఆ ఆఫీసరు పలకరించాడు.

“పైకప్పు మంచిదో కాదో మీకెలా తెలుస్తుంది?”

“కర్రతోని కొడ్తం సార్. గట్టిగుంటే గణగణ మోగుతది. డొల్లగుంటే పగులు వట్టిన కుండ లెక్క పలుకుతది. అప్పుడు కర్రలు నిలబెడ్తం.”

“బొగ్గంతా తీశాక ఆ ఖాళీని ఏం చేస్తారు?”

అన్నేళ్ళు పని చేశాను, నా పని గురించి ఇంత మర్యాదగా ఎవరూ అడగలేదు. మా అధికారులు కూడా అడగలేదు. నాకు హుషారు పుట్టింది.

“కర్రలు పీకుకుంట వెనుకకొస్తం సార్. పైకప్పు కూలుతది.”

ముందు వరసవాళ్ళు కుర్చీల అంచుకు జరిగారు. వాళ్ళు శ్రద్ధగా వింటున్నారనుకున్నాను.

“కూలితే ప్రమాదం కదండీ?”

“కూలకుంటేనే ఫికర్. పెద్ద కప్పు అట్లనే నిలిచిందనుకో, ఎప్పుడో ఒక్కసారి మీద పడ్తది. ఎప్పటికప్పుడు కూలాలె. దాని చప్పుడు వింటే మాకు పానం నిమ్మళం.”

సేటు అడిగాడు. “మరి పైనున్నయి?”

“అవి గూడ దిగుతయి. చేనుంటే చేను దిగుతది. ఇండ్లుంటే కింద ఇసుక నింపుతరు, గప్పుడు దిగవు. ఇసుకకు ఫికర్ లేదు, మాకు గోదారి ఉన్నది.”

“మాకు గోదారేది?” అన్నది వెనక నుంచి ఒక ఆడమనిషి.

అప్పుడు గాని నా బుర్రకు ఎక్కలేదు. నేను చెప్పింది బొగ్గు తీసి వదిలేసే జాగా సంగతి. రైలు నడిచే సొరంగాన్ని ఎవరూ కూలగొట్టుకోరు. బాయి పని తెలిసినవాడు తప్ప ఇంకొకడు ఈ తప్పు చేయలేడు. సర్దిచెబుదామని నోరు తెరిచేలోపు ఆఫీసరు కాగితం నా ముందు పెట్టాడు.

“మీరు చెప్పిందే రాశాం. సంతకం పెడతారా?”

పెట్టాను. ఇంటిపేరుతో సహా, గుండ్రంగా.

పది నిమిషాల్లో సేటు లేచి, పైనుంచే పోనియ్యుండ్రి సార్ అన్నాడు. అందరూ తల ఊపారు. పైనుంచి పోవాలనేది ఖర్చు దగ్గర ఎప్పుడో తేలిపోయిందని, సభ పెట్టింది మా చేత ఆ మాట అనిపించడానికేనని నాకు తర్వాత తెలిసింది. తెలిసినా అక్క ముందు పనికి రాలేదు.

ఆటో ఇంటి సందు మలుపు తిరిగాక అక్క అన్నది.

“నిన్ను పిలిచింది గిర్ని నిలబెట్టనీకి. పట్నమంత కూలగొట్టి వచ్చినవు.”

“అడిగితే చెప్పిన అక్కా.”

“ఆయన అడుగుతడు. నీకు బుద్ధుండాలె.”

కొన్నాళ్ళకు అక్క చేతికి కొంత పరిహారం వచ్చింది, గిర్ని ముందు భాగం పోయింది. మిషను తీసి ఒక మూల పెట్టారు. మిగిలిన వెనక గదిలో పెడదామంటే, ముందు గోడ ఆసరా పోయి దూలం వంగింది. మేస్త్రీ చూసి ఈ గది కూడా దింపాలె అన్నాడు. దింపితే ఆమెకు మళ్ళీ కట్టుకునే జాగా లేదు. గిర్ని లేకుంటే ఊరికి వచ్చి నా ఇంట్లో కూర్చోవాలి. మా అక్క ఒకరింట్లో కూర్చునే మనిషి కాదు. నా భార్యను అడిగినా చెప్తుంది.

ఈసారి పిలవకుండానే పోయాను. కర్రతో కప్పంతా కొట్టి చూశాను. ఒక మూల తప్ప అంతా గణగణ మోగింది. జామాయిల్ కర్రలు నాలుగు తెప్పించి, దూలం కింద నిలబెట్టి, పైన చెక్క ముక్కలు దిగ్గొట్టి బిగించాను. మేస్త్రీ ఒక కర్ర పట్టుకొని ఊపి చూశాడు. కదలలేదు. మిషను వాటి నడుమ కూర్చుంది. అక్క మీట నొక్కింది. గది అదిరింది గాని కప్పు నుంచి మట్టి కూడా రాలలేదు.

మొదటి రోజే సేటు ఇంటి నుంచి జొన్నలు వచ్చాయి. సేటే స్వయంగా తెచ్చాడు. గడప దగ్గర ఆగి కర్రల వైపు చూశాడు, నా వైపు చూశాడు.

“ఇవి ఎప్పుడు పీకుతవు?” అని అడిగాడు.

“పీకను సేటూ. లోపలికి రా.”

రాలేదు. డబ్బా లోపలికి జరిపి, రోడ్డు నడుమ కొత్తగా లేచిన రైలు స్తంభం దగ్గర నిలబడ్డాడు. తర్వాత వచ్చినవాళ్ళూ అంతే. సభలో ఉన్నవాళ్ళెవరూ ఆ గడప దాటలేదు. డబ్బా ఇచ్చి, పిండి అయ్యాక పిలిస్తే వచ్చి తీసుకునేవాళ్ళు.

వారం చూసి, వాళ్ళకు అసలు సంగతి చెప్పి భయం తీరుస్తానని అక్కతో అన్నాను. అక్క జల్లెడ కింద పెట్టింది.

“ఏం చెప్పకు. ఇన్నేండ్లు కాంటా కాడ నిలబడి, పిండి తక్కువొచ్చిందని నా పానం తీసిండ్రు. వారమాయె, ఒక్కరు గూడ నోరిప్పలే. ఆ కర్రలకు ఇంకో రెండు కలుపు, గడప కాడికే కనపడాలె.”

మర్నాడు ఇంకో రెండు నిలబెట్టాను.