నాగవేణి లైను

గిద్దలూరు రైల్వే స్టేషన్ వెనక వీధిలో ఉండే నాగవేణి, మార్కాపురం పలకల వ్యాపారులకు ఇంట్లోనే కంప్యూటర్ ముందు కూర్చుని లెక్కలు రాసిపెడుతుంది. నాయన పోయిన కొన్నాళ్లకు, పుట్టింటి ఊళ్లో ఉన్న పొలంలో కూతురికి వాటా వస్తుందా అని నెట్‌లో వెతకడం మొదలుపెట్టింది. ఆ సంగతి ఇంట్లో కూడా ఎవరికీ చెప్పలేదు.

వారం తిరక్కుండానే తమ్ముడు శ్రీకాంత్ ఊరి నుంచి వచ్చి గుమ్మంలోనే నిలబడ్డాడు.

"ఏందక్కా, వాటా కేసుల గురించి తెగ చూస్తున్నావంట?"

"నీకెవరు చెప్పినారు?"

"ఎవరో చెప్పినార్లే. నాయన పోయి ఏడాదన్నా కాలే, అప్పుడే పొలం మీద పడినావా?"

ఆ చెప్పిందెవరో ఆమెకు వెంటనే తట్టింది. ఆ వీధికంతా కేబుల్ నెట్ ఇచ్చే మాల్యాద్రి, శ్రీకాంత్ స్నేహితుడు. ఎవరు ఏ సైటు తెరిచినా దాని పేరు అతని ఆఫీసులో తెలిసిపోతుంది. తన గదిలో కూర్చుని తాను చదువుకున్నది టీ బంకు దగ్గర కబురైందని నాగవేణికి ఒళ్లు మండింది.

వెతకడం మాత్రం ఆపలేదు. ముంబైలో ఉన్న ఒక చిన్న సర్వర్‌ను అద్దెకు తీసుకుని, అందులో సొంత వీపీఎన్ పెట్టుకోవడానికి పూనుకుంది. అది ఇంటి నుంచి ఆ సర్వర్ దాకా నాలుగువైపులా మూసిన దారి. దారి ఎక్కడికి పోతోందో మాల్యాద్రికి తెలుస్తుంది గానీ, లోపల ఏం పోతోందో తెలియదు. మొదటిసారి ఏదో తప్పు కొట్టి, తన సర్వర్‌లోకి తానే పోలేకుండా తాళం వేసుకుంది. అంతా చెరిపేసి మళ్లీ మొదలుపెట్టింది. ఈసారి నడిచింది.

కొద్ది రోజులకే లైన్ చెక్ చేయాలంటూ మాల్యాద్రి వచ్చాడు.

"ఏం పెట్టినావమ్మా? నీ లైన్‌లో ఒక్క అడ్రసు తప్ప ఇంకేం కనపడటంలే."

"నీకు కనపడాల్సిన పనేముంది అన్నా?"

"ఇట్లాంటివి పెడితే పోలీసోళ్లు వస్తారు. లైన్ కట్ చేయాల్సొస్తాది."

"కట్ చెయ్. నా లైన్‌లో నువ్వేం చూసినావో, ఎవరికి చెప్పినావో నేనూ చెప్తా. పా, ఇద్దరం కలిసే స్టేషన్‌కి పోదాం."

ఎదురింటి రమణి తలుపు తీసుకుని బయటికొచ్చి చూస్తోంది. మాల్యాద్రి మెట్లు దిగిపోయాడు. లైన్ కట్ కాలేదు.

ఆ మధ్యాహ్నమే రమణి ఫోను పట్టుకొచ్చింది. "నాకూ పెట్టియ్యి వదినా." ఎందుకని నాగవేణి అడగలేదు. పెట్టిచ్చింది.

ఆదివారం ఊరికి వెళ్లి, తల్లి సుబ్బులమ్మ ఎదుటే తమ్ముడికి చెప్పింది.

"పొలంలో నా వాటా అడుగుతున్నా."

"మరి ఇన్నాళ్లు దొంగతనంగా చూడటమెందుకు?"

"దొంగతనంగా చూసింది నేను గాదు, నీ స్నేహితుడు. నా మాట నేను చెప్పేదాకా నాదే."

శ్రీకాంత్ విసురుగా లేచిపోయాడు. సుబ్బులమ్మ కంచం తెచ్చి పెట్టి, "అన్నం తిని పో" అంది. నాగవేణి కూర్చుని కడుపునిండా తినే బయల్దేరింది.

ఇప్పుడు కేసు నడుస్తోంది. తమ్ముడు పలకరించడం మానేశాడు. అయినా వాయిదా ఉన్న రోజున ఆమె అతనికంటే ముందే వెళ్లి కోర్టులో కూర్చుంటుంది.