మొక్కు పుంజుకు సూది

సుక్కమ్మత్త కోళ్లంటే నాకు ఒళ్లుమంట. మా రెండిళ్ల మధ్య ఉన్నది కంప దడి ఒక్కటే. దాంట్లోంచి దూరి వచ్చి నా తోటకూర మడిని కెలికి పోతాయి. అడిగితే, "దడి మంచిగ కట్టుకోరాదు జానమ్మా" అని నాకే చెబుతుంది. గొర్రెలు అమ్ముకున్నాక ఆమె బతుకంతా ఆ కోళ్లే. పొద్దున లేస్తే తిట్టినా ముద్దు చేసినా ముందు వాటినే.

కూతురు నాగరాణికి నెలలు నిండకుండానే కొడుకు పుట్టి, దవాఖానలో అద్దాల పెట్టెలో ఉన్నప్పుడు అత్త మైసమ్మకు మొక్కింది, మనవడు ఇల్లు చేరితే నల్లపుంజునిస్తానని. వాడు చేరాడు. అత్త నార్కట్‌పల్లి అంగడికి పోయి, మచ్చ లేని నల్లపుంజును ఏరి తెచ్చి కాలికి పసుపు దారం కట్టింది. దారం కట్టాక ఆ కోడి మైసమ్మ తల్లిది. తల్లి ముందు తప్ప దాని నెత్తురు చుక్క రాలకూడదు.

అంతలోనే పక్క మండలంలో ఒక కోళ్లఫారానికి బర్డ్ ఫ్లూ వచ్చిందన్నారు. పశువుల డాక్టరమ్మ అఖిల మా వాడకు వచ్చి, ఇంటింటి కోళ్లకూ రెక్క కింద సూదితో నెత్తురు తీసుకుంది. అత్త తన కోళ్లన్నింటినీ పట్టి ఇచ్చింది. పుంజును మాత్రం లోపల గంప కింద దాచింది. అది ఊరుకుంటుందా? డాక్టరమ్మ గడప దిగుతుండగా గొంతెత్తి కూసింది. నాకు నవ్వాగలేదు. అంగడి నుంచి తెచ్చిన మొక్కు పుంజని నోరుజారాను.

"అంగడిల కొన్న పుంజా అవ్వా? అసలు దాన్నే చూడాలె" అంది డాక్టరమ్మ. "బయటి నుంచి వచ్చిన కోడితోనే రోగం వస్తది."

"అది మంచిగుంది బిడ్డా. గింజలు మెక్కుతాంది."

"పైకి మంచిగనే కనబడ్తది. రోగం తగిలి పోయినా నెత్తురుల దాని గుర్తు మిగుల్తది. గా గుర్తు కోసమే ఈ పరీక్ష."

అత్త గంప మీద చెయ్యి తీయలేదు. "అది తల్లి సొమ్ము బిడ్డా. ముందుగాల నువ్వు నెత్తురు తీస్తే నా మనవనికి ఏమన్నయితే?"

నాగరాణి కొడుకును ఎత్తుకొని బయటికొచ్చింది. "జడ్తి అడుగమ్మా. తల్లి ఒప్పుకుంటే తియ్యనియ్యి."

బలిచ్చే ముందు కోడి మీద నీళ్లు చల్లుతారు. ఒళ్లు జాడిస్తే తల్లి ఒప్పుకున్నట్టు. అదే జడ్తి. నీళ్లు పడితే ఏ కోడైనా జాడిస్తుందిలే అనుకున్నాను. ఇది కదలదే! నీళ్లు కారుతూ మమ్మల్ని చూస్తూ నిలబడింది. రోగం అంటకుండా ఒంటినిండా వేసుకున్న తెల్ల తొడుగులో చెమటలు కక్కుతున్నా డాక్టరమ్మ ఓపికగా నిలుచుంది. అత్త మళ్లీ చల్లింది. ఈసారి పుంజు తల నుంచి తోక దాకా జాడిస్తే మా అందరి మొహాలూ తడిశాయి.

"తీసుకో బిడ్డా" అంది అత్త, మొహం తుడుచుకోకుండానే.

ఫలితం వచ్చేదాకా ఆమె సరిగా తిన్నది లేదు. గుర్తు కనబడితే ఊరి కోళ్లన్నింటినీ గుంతలో పూడుస్తారని అందరూ అనుకుంటున్నారు. "ఊరి కొంప ముంచితినా జానమ్మా?" అని దడి అవతల నుంచి అడిగేది. నా గూట్లోనూ కోళ్లున్నాయి. నాకూ భయమే.

చివరికి డాక్టరమ్మ ఫోన్ చేసింది. "ఏ కోడి నెత్తురులనూ గుర్తు లేదవ్వా. ఫికర్ చెయ్యకు." అత్త గడప మీద కూలబడి బోరున ఏడ్చింది. నా గుండెల మీంచి కూడా పెద్ద బరువు దిగింది.

ఆదివారం మైసమ్మ దగ్గర అత్త పుంజు రెక్క ఎత్తి, సూది గుచ్చిన చోటు తల్లికి చూపించింది. "ఒక్క సుక్క ముందుగాల తీసిర్రు తల్లీ. ఊరి కోళ్ల కోసం. ఏమనుకోకు." నీళ్లు పడీ పడకముందే పుంజు జాడించింది.

ఇంటికొచ్చేసరికి ఆమె కోళ్లు నా తోటకూర మడిని ఆసాంతం కెలికి పెట్టాయి. కర్ర పట్టుకొని పోయి కాసేపు వాటిని చూస్తూ నిలబడ్డాను. తర్వాత కర్రను దడికి ఆనించి, పిడికెడు నూకలు తెచ్చి చల్లాను.

"పానం మంచిగుందా జానమ్మా?" అంది అత్త దడి అవతల నుంచి, నా చేతిలో నూకలు చూసి.