స్టీరియో మోజులో నోరు జారాను

ఈరోజు బారువలో ఒక నిశ్చితార్థానికి మా బ్యాండు పాడింది. ఇన్నాళ్లూ ఒక్క యాంప్ స్పీకరుతో మోనోలోనే గిటారు వాయించేవాణ్ణి. గిటారు మోతను రెండు పక్కలకూ పంచే కొత్త పెడల్ కొన్న ఉత్సాహంలో, స్టీరియో కోసమని స్టేజీకి చెరో పక్కా ఒక యాంప్ పెట్టించాను. గిటారు మోత ఎడమ నుంచి కుడికి పరుగెడుతుంటే నాకే ఒళ్లు పులకరించింది.

మా గాయకుడు నాకు బావ వరస. పేరు రాయను. మొదలుపెట్టే ముందే అడిగాడు: "బావ, ఎప్పట్లాగే ఒక్క యాంపే ఎట్టీ. నాకు సరిగ్గా ఇనపట్నేదు."

"నువ్వు పాట సూసుకో, సౌండు నాకొగ్గీ" అన్నాను.

రెండో పాటలో నా బిట్ కుడివైపు యాంప్‌లో ముగిసింది. అది అవగానే అతను పాట ఎత్తుకోవాలి, ఎత్తుకోలేదు. మళ్లీ వాయించాను, మళ్లీ తప్పాడు. ఒళ్లు మండి మైకులోనే అనేశాను.

"ఏటి బావ, సెవుడేటి నీకు?"

జనం గొల్లున నవ్వారు. అతనూ నవ్వాడు. అప్పుడు గుర్తొచ్చింది నాకు. చిన్నప్పుడు దీపావళి బాంబు పక్కనే పేలి అతని కుడి చెవి పోయింది. ఆ రోజు నేను అక్కడే ఉన్నాను.

వెంటనే కుడివైపు యాంప్ ఆపేసి మోనోకి మార్చాను. మిగతా పాటలన్నీ చక్కగా పాడాడు. భోజనాల దగ్గర తలెత్తకుండానే "నీ సెవి సంగతి మర్సిపోనాను బావ" అన్నాను.

"నేనూ మర్సిపోయే పాడతాను. ఇయాల నువ్వు గుర్తుసేసినావు" అన్నాడు.

మైకులో అన్నదానికి మైకులోనే క్షమాపణ అడగాలనుంది. కానీ అడిగితే, అతని చెవి సంగతి ఊరందరికీ నేనే చాటినట్టవుతుంది. మీరైతే ఏం చేస్తారు?