నర్సమ్మ గంజు

ఆ రోజుల్లో మా వైపు ఆడవాళ్ళలో చాలామందికి సంతకం పెట్టడం రాకపోయినా, వాళ్ళ పేర్లు మాత్రం వంటింటి నిండా ఉండేవి. పెళ్ళిలో పెట్టిన బిందె దగ్గర్నుంచి నెయ్యి గిన్నె దాకా ప్రతిదాని మీదా ఉలితో చుక్కలు చుక్కలుగా కొట్టించిన పేరు ఉండాల్సిందే. అందువల్ల ఒకరి పేరున్న పాత గిన్నెను ఇంకొకరు కొనేవారు కారు. ఎవరి పేరునో మన పొయ్యి మీద పెట్టుకుంటే నలుగురూ ఏమనుకుంటారు? ఏమనుకున్నా పప్పు రుచి మారదని కనిపెట్టిన మొదటి మేధావిని నేనే. (ఇరవై రెండేళ్ళ వయసులో ఎవరికైనా తాను మేధావిననే అనిపిస్తుంది. నాకు కొంచెం ఎక్కువ అనిపించేది.)

పంతొమ్మిది వందల అరవైలు అప్పుడే మొదలయ్యాయి. వానలు పడ్డాక తాండూరు బడిలో కొత్త పంతులుగా చేరాను. అంతకుముందు వికారాబాదులో చిన్నాయన ఇంట్లో ఉండి చదువుకున్నన్నాళ్ళూ మా చిన్నమ్మ నన్ను వంటింటి గడప తొక్కనివ్వలేదు. మగపిల్లవాడు పొయ్యి దగ్గర కూర్చుంటే మీసాలు రావని ఆమె సిద్ధాంతం. ఆ కసికొద్దీ తాండూరులో రెండు గదులు అద్దెకు తీసుకున్న రోజే గ్యాసునూనె, అదే కిరసనాయిలు, స్టవ్వు కొన్నాను. పడుకోవడానికి చాప కొనుక్కున్నది ఆ తరువాత వారానికి. తాండూరు కందిపప్పు సంగతి నేను చెప్పాల్సిన పని లేదు, దాన్ని పాడు చేయడానికి కూడా కొంత నైపుణ్యం కావాలి. మొదటి పదిహేను రోజులూ ఆ నైపుణ్యం చూపించాను. తరువాత చెయ్యి కుదిరింది. పిల్లలు నాకు పప్పుసారు అని పేరు పెట్టేసరికి పక్క వీధి దాకా నా తాలింపు వాసన వెళ్ళేది.

వంట ఒక్కటే కాదు, అగ్గిపెట్టెల మీది బొమ్మలు ఒలిచి పుస్తకంలో అంటించుకోవడం, క్యారం బోర్డు, ఇట్లాంటి పిచ్చులన్నీ నా ముందుగదిలోనే ఉండేవి. హార్మోనియం కూడా ఉండేది. అది నాది కాదు. మా హెడ్మాస్టరు గారిది. ఆయన్ను అందరమూ పెద్దసారు అనేవాళ్ళం. ఇంట్లో వాయిస్తే భార్యకు తలనొప్పి వస్తుందనీ, పెట్టె నా గదిలో ఉంచుకొమ్మనీ, ఎవరైనా అడిగితే నాదేనని చెప్పమనీ ఆయన ఆజ్ఞ. కొత్త ఉద్యోగం, ఇంకా ఖాయం కాలేదు. ఆయన ఏనుగును దాచమన్నా దాచేవాణ్ణి. రోజూ సాయంత్రం వచ్చి ఒక గంట వాయించి, నా పప్పు రెండు ముద్దలు తిని వెళ్ళేవారు. నాకు అంట్లు తోమడానికి ఒక అవ్వను కుదిర్చింది కూడా ఆయనే. అంతకుముందు వాళ్ళింట్లోనే చేసేదట, ఏదో వస్తువు పోయిందని పెద్దసారు భార్య మాన్పించిందట. అయినా ఆ ముసలామెకు ఇంకోచోట పని చూపించారంటే ఎంత దయగల మనిషో అని నేను మురిసిపోయాను.

అట్లాంటి రోజుల్లో బజారులో పాత సామాన్ల సేటు దగ్గర నాకా ఇత్తడి గంజు కనిపించింది. పప్పు కోసమే చేసినట్టున్న వంటగిన్నె, అడుగు మందం, అంచు గుండ్రం, లోపల కొత్తగా కళాయి పూత. సగానికి సగం ధర. ఎందుకింత చవక అంటే సేటు గంజు తిప్పి పేరు చూపించాడు. 'నర్సమ్మ' అని ఉంది. నేను ఎగిరి గంతేసి కొనుక్కున్నాను. అంత మంచి గంజు మళ్ళీ నా జన్మలో దొరకలేదు. సన్నని మంట మీద పెట్టి మరిచిపోయినా అడుగంటేది కాదు. దానికి ఆ పేరే ఖాయం చేసి, 'ఈ రోజు నర్సమ్మలో గంగవాయిలి కూర పప్పు' అని ప్రకటించేవాణ్ణి. మొదటిసారి అట్లా అన్నప్పుడు పెద్దసారు వేళ్ళు హార్మోనియం మీద తప్పుడు మెట్టు మీద పడి అక్కడే ఉండిపోయాయి. ఆయన సంగీతంలో అది కొత్త కాదు కనుక నేను పట్టించుకోలేదు.

ఆ తరువాత ఆయనకు నా గిన్నెల మీద శ్రద్ధ పుట్టింది. గంజును బయట తోమితే ఇత్తడి అరిగిపోతుందనీ, మసి ఉంటేనే వేడి బాగా పడుతుందనీ చెప్పేవారు. అవ్వ వింటే కదా. చింతపండూ బూడిదా పెట్టి రోజూ గంజును బయటవైపే గంటసేపు తోమేది. పేరు తళతళ మెరిసేది. తోమి, వీధిలోకి కనబడేట్టు అరుగు మీద బోర్లించేది, పేరు బయటికి తిప్పి. ఇంత శుభ్రమైన మనిషిని ఎందుకు మాన్పించారో అనుకునేవాణ్ణి. దసరా వెళ్ళాక ఒకరోజు అవ్వే అంది, ఎప్పుడూ సారుకే పెడితే ఏం బాగుంటుంది, సారమ్మను కూడా ఒక పూట అన్నానికి పిలవమని. పెద్దసారు భార్యను అందరూ సారమ్మ అనేవారు. నా వంటకు ఇంకో నోరు దొరుకుతుందన్న సంబరంలో పెద్దసారుతో చెప్పకుండా నేనే వెళ్ళి ఆదివారం మధ్యాహ్నానికి పిలిచి వచ్చాను. ఆయనకు తెలిసేసరికి ఆమె ఒప్పుకుంది.

ఆదివారం ఇద్దరూ వచ్చారు. విస్తళ్ళు వేశాను. అన్నం వడ్డించాను. పప్పు నేను తెచ్చేలోపే అవ్వ గంజును మసిగుడ్డలతో పట్టుకొచ్చి సరిగ్గా సారమ్మ ముందు దించింది. పేరు సారమ్మ వైపుకే ఉంది. సారమ్మ గరిటె కోసం చాచిన చెయ్యి చాచినట్టే ఆగింది.

"గిది మా అమ్మ గంజు," అంది.

ఆమె తల తిప్పి అవ్వను చూసింది. ఆ చూపులో ఏముందో నాకు అప్పుడే అర్థమైంది. వాళ్ళింట్లో పోయిన వస్తువు ఇదే. దొంగ అనిపించుకొని పని పోగొట్టుకున్నది అవ్వ. ఇప్పుడు ఆ గంజు అవ్వ పనిచేసే ఇంట్లోనే దొరికింది, ఇక ఊరంతా ఆమెను దొంగనే అంటుంది. అవ్వ పెద్దసారు వైపు చూస్తూ నిలబడింది. పెద్దసారు విస్తరిలో అన్నం మెతుకులు లెక్కపెడుతున్నట్టు తల వంచుకున్నారు. తప్పుడు మెట్టూ, మసి పాఠాలూ, మూలన ఉన్న హార్మోనియమూ అన్నీ ఒక్కసారి కలిసి వచ్చాయి నాకు. సేటు దగ్గర కొన్నానని నిజం చెబితే, అమ్మిందెవరో బయటపడి పెద్దసారు పరువూ, నా ఉద్యోగమూ పోతాయి. చెప్పకపోతే అవ్వ బతుకు పోతుంది. నోరు నన్ను అడగకుండానే తెరుచుకుంది.

"నేనే తీసిన సారమ్మా. గంజు మంచిగుందని ఆశపడ్డ."

సారమ్మ నన్ను కిందినుంచి మీదిదాకా చూసింది. కోపం కూడా రాలేదు ఆమెకు.

"గంజు పోయింది ఎండాకాలంల తమ్మీ," అంది నెమ్మదిగా. "నువ్వు ఈ ఊళ్ళె దిగింది వానలు పడ్డంక."

నా త్యాగం అంతటితో ముగిసింది. పంచాంగం చూసుకోకుండా దొంగతనం ఒప్పుకున్నవాణ్ణి నేనొక్కణ్ణే అయ్యుంటాను. ఆమె చూపు నా మీది నుంచి జరిగి మూలన ఉన్న పెట్టె మీద కాసేపు ఆగి, చివరికి భర్త మీదికి వచ్చింది. పెద్దసారు ఇక దాచలేక, గంజు అమ్మి హార్మోనియం కొన్నానని విస్తరితోనే చెప్పారు. అవ్వ మీద నింద పడుతుందని అనుకోలేదట. పడ్డాక చెప్పడానికి నోరు రాలేదట. లేచి అవ్వ ముందు నిలబడి తప్పు తనదని అన్నారు. నాకు కళ్ళలో నీళ్ళు తిరిగాయి. (తాలింపు పొగ అని చెప్పుకున్నాను.)

సారమ్మ ఏడవలేదు, అరవలేదు. "మా అమ్మ గంజు అమ్మి కొన్నరంటే గా పెట్టె మా అమ్మదే. ఇంటికి రావాలె," అని తీర్పు చెప్పింది. అవ్వను మళ్ళీ పనికి రమ్మని చెయ్యి పట్టుకొని అడిగింది. అవ్వ వస్తానంది కానీ ఒక షరతు పెట్టింది, ఆ ఒక్క గంజూ పెద్దసారే తోమాలని. ఆయన తోమారు కూడా. చాలా ఏళ్ళు తోమారని తరువాత విన్నాను. గంజూ హార్మోనియమూ పప్పుతో సహా ఆ మధ్యాహ్నమే నా ఇంటి గడప దాటాయి.

వాళ్ళు వెళ్ళాక అవ్వ విస్తళ్ళు ఎత్తుతుంటే, నేను కొంచెం ఛాతీ విరుచుకొని దగ్గరికి వెళ్ళాను. నా నోటితో నేను చెప్పుకోకూడదు గానీ, ఆమె కోసం నేను చేసిన సాహసానికి ఒక మంచిమాట వస్తుందని ఆశ. అవ్వ నడుము మీద చెయ్యి పెట్టుకొని లేచింది.

"నడుమ నీకేమొచ్చింది సారూ?" అంది. "సారు గంజును సంచిల వెట్టుకపోంగ నేను సూసిన. చెప్తె ఎవరు నమ్ముతరు? సారమ్మ సదువుతదని నెల దినాలసంది తోముతున్న, అరచేతులు అరిగినయ్. తీరా ఆమె సదివినంక నువ్వు దుంకినవ్. జరంత ఉంటె అంత ఖరాబ్ చేస్తుంటివి."

నా ముఖం ఆ రోజు అడుగంటిన పప్పులా మాడిపోయింది. రోజూ నా కళ్ళ ముందే ఒక ముసలామె తన పరువు కోసం గిన్నె తోముకుంటుంటే, నేను దాన్ని శుభ్రత అనుకున్నాను. బడిలో అక్షరాలు చెప్పేవాణ్ణి మరి.

ఇప్పుడు నా వంటింట్లో స్టీలు గిన్నెల వరస ఉంది. ఇప్పటికీ పప్పు నేనే పెడతాను. చెయ్యి ఇంకా బాగా కుదిరింది, బుద్ధి కూడా కుదిరిందంటారు అందరూ. అయినా ముందూ వెనకా చూడకుండా 'నేనే తీసిన' అని దూకిన ఆ కుర్రవాడంటే నాకు ముద్దు. ఈనాటి నేను ఆ గదిలో ఉండి ఉంటే, పప్పు చల్లారిపోతుంది, ముందు భోజనం కానివ్వండి అని ఉండేవాణ్ణి.