చిరుతల గుంపులో రాణి

ఫసలీ 1346, ఫర్వర్దీ నెల, మాఘ శుద్ధ దశమి. బోధన్ దాటి రెంజల్ పోయే దారిలో ఒక ఊరు. హాజరు: పంతులు; ఢోలక్ వాయించే అన్న; తాళాలు పట్టేవాళ్లు ఇద్దరు; రాజు వేషం కట్టే అన్న; గుంపులో పన్నెండు మంది; రాణి వేషం కట్టే నేను.

ఆనాటి నా డైరీ పేజీలో ఉన్నది ఇంతే. ఇంగ్లీషు లెక్కలో అది 1937 ఫిబ్రవరి. బడిలో ఉర్దూ చదువు కనుక రాత ఉర్దూలో ఉంది, ఇక్కడ తెలుగు చేసి పెట్టాను. ఏ రోజు రాసినా ఎవరెవరు ఉన్నారో ముందు రాసుకుని, తర్వాత జరిగింది రాయడం నా పద్ధతి. ఆ రోజు హాజరు దగ్గరే కలం ఆగిపోయింది. మర్నాటి పేజీ కూడా ఖాళీయే. రాయడానికి సిగ్గేసింది. ఇప్పటికీ వేస్తుంది, కానీ ఈ వయసులో సిగ్గుపడుతూ కూడా రాయవచ్చునని తెలిసింది.

నిజామాబాదులో మా గల్లీ కుర్రవాళ్లకు అప్పట్లో ఒక చిరుతల గుంపు ఉండేది. చిరుతలంటే చేతిలో ఇమిడే చెక్కలు, వాటికి ఇత్తడి బిళ్లలు. వాటిని వాయిస్తూ, కాళ్లకు గజ్జెలు కట్టుకుని, గుండ్రంగా తిరుగుతూ కథ పాడతారు. మధ్యలో వేషగాళ్లు పాడిన పదాన్ని చుట్టూ ఉన్న గుంపు అందుకుంటుంది. సాయంత్రం పూట కట్టెల అడ్డా వెనక ఆ చప్పుడు మొదలైతే నేను మా నూలు దుకాణంలో కూర్చోలేకపోయేవాణ్ణి. బాపు చిట్టీలు రాయమంటే చేయి రాస్తూ ఉండేది, కాలు తాళం వేస్తూ ఉండేది. ఆ తాళం తప్పు అని తర్వాత తెలిసింది.

నాలుగైదు వారాలు గోడ అవతల నిలబడి విన్నాక ఒకరోజు లోపలికి పోయాను. గుంపుకు ఆట నేర్పే పంతులు అప్పటికి ముప్ఫై దాటని మనిషి, పగలు మగ్గం నేసేవారు. నన్ను గుంపు చివర నిలబెట్టి అడుగు వేయమన్నారు. కుడి కాలు అనుకున్నప్పుడల్లా ఎడమ కాలు లేచింది. పక్కవాడి మడమ తొక్కాను. వాడు "అవ్వో!" అని కూర్చున్నాడు.

"ఏం రా, కాళ్లా కట్టెలా గివి?" అన్నారు పంతులు. "అడుగు రాదు, తాళం రాదు. ఎందుకొచ్చినవ్?"

"పాడ్త పంతులూ."

"గట్లనా, నోరు దెరువు మరి."

పాడాను. ఏం పాడానో గుర్తు లేదు కానీ, ఢోలక్ అన్న తలెత్తి చూడడం గుర్తుంది. ఆయన మా గల్లీ మొదట్లో తాళంకప్పలు బాగుచేసే ముస్లింల ఇంటి పెద్దకొడుకు. దేనికీ తల ఎత్తే మనిషి కాదు.

"క్యా ఆవాజ్ హై," అన్నాడు. "పంతులూ, రాణి దొరికింది."

అలా నా గొంతు ఒక్కటే నన్ను ఆ గుంపులో చేర్చింది. అది పోతే నాకు అక్కడ చోటు లేదని మొదటి రోజే అందరికీ తెలుసు, నాకూ తెలుసు.

ఇంట్లో చెప్పడం కష్టమైంది. "ఆడోళ్ల వేషమా? మన ఇంట్ల ఎవ్వలన్న కట్టిండ్రా?" అన్నాడు బాపు. అవ్వ, అంటే మా అమ్మ, మాత్రం బియ్యం చెరుగుతూ, "పాడనియ్యరాదు. ఇంట్ల కూసోని ఏం ఉద్ధరిస్తుండు?" అంది. వేషానికి తన ఆకుపచ్చ పట్టుచీర పెట్టెలోంచి తీసి ఇచ్చింది. బాపు ఆ చీరను చూసి బయటికి వెళ్లిపోయాడు.

పంతులు గుంపుకు నేర్పిన పద్ధతి ఒకటి చెప్పాలి. వేరే గుంపుల్లో వేషగాడు తప్పు పాడితే గుంపు సర్దుతుంది. మా పంతులు ఒప్పుకునేవారు కాదు. "రాణి ఎక్కడికి వోతే మీరు గక్కడికే పోవాలె. రాణి తప్పు వోతే మీరు గూడ తప్పే పోవాలె. సూసేటోళ్లకు తప్పు ఒక్కరిదని తెల్వొద్దు," అనేవారు. రోజూ సాయంత్రం కావాలనే నాచేత ఎత్తు మార్పించి, రాగం వంకర తిప్పించి పాడించేవారు. పన్నెండు మందీ ఆ వంకరను అచ్చంగా పట్టుకునేవారు. ఎవరైనా దిద్దబోతే చిరుతతో మోకాలి మీద ఒకటి పడేది. ఇది నాకెంతో గౌరవంగా ఉండేది. నడవడం రాని నా వెనక పన్నెండు గొంతులు నడిచేవి.

డైరీలో రాసిన ఆ ఊరి పటేలు మమ్మల్ని చెరుకు గానుగ ఆడే రోజుల్లో పిలిచాడు. నిజాంసాగర్ కాలువ నీళ్లొచ్చాక ఆ పక్క ఎటు చూసినా చెరుకే. ఫ్యాక్టరీ వస్తుందని అనుకోవడమే కానీ ఇంకా రాలేదు, ఎవరి గానుగ వారిదే. రాత్రంతా గానుగ తిరుగుతుంది కాబట్టి ఆట పగలే పెట్టుకోవాలన్నారు. మేము దిగేసరికి పెద్ద పెనంలో పాకం ఉడుకుతోంది. పటేలు తల్లి చెరుకాకు మీద వేడివేడి బెల్లం పెట్టి తెచ్చింది.

"పాడేటోళ్లు బెల్లం ముట్టొద్దు అవ్వా," అన్నారు పంతులు.

"నా ఇంట్ల తినకుంట ఆడుతరా? గదేం ముచ్చట!" అందామె. పంతులు అటు తిరగగానే అందరం తిన్నాం.

మధ్యాహ్నం దాటాక ఆట మొదలైంది. ఊరు ఊరంతా వచ్చింది. జిల్లా సరిహద్దు అవతలి నుంచి చెరుకు నరకడానికి వచ్చిన మరాఠీ కూలీలు కూడా కూర్చున్నారు. అవ్వ చీర, కొప్పులో బంతిపూలు, కళ్లకు కాటుక. నేను రాగానే ముందు వరుసలో ఒకామె, "పోరడు గాదే, అచ్చం పోరి లెక్కనే ఉన్నడు!" అంది. నాకు సిగ్గూ వేసింది, సంతోషమూ కలిగింది.

రాజు అడవికి బయలుదేరుతాడు. రాణి అతని దారికి అడ్డం నిలబడి పదం పాడాలి. మొదటి చరణం బాగానే పోయింది. రెండో చరణంలో గొంతు పైకెత్తాలి. ఎత్తాను. తోక తొక్కిన పిల్లిలా కీచుమని ఎక్కడికో పోయింది, అక్కడి నుంచి దున్నపోతు రంకెలాగా కింద పడింది.

నేను నోరు మూసుకునేలోపల గుంపు అందుకుంది. పన్నెండు మంది, చిరుతలు ఝల్లుమనిపిస్తూ, ఒక్క గొంతుతో కీచుమన్నారు. ఒక్క గొంతుతో రంకె వేశారు. ఒక్కడూ తప్పలేదు.

తర్వాత నవ్వు. అంత నవ్వు నేను మళ్లీ ఎక్కడా వినలేదు. ఆడవాళ్లు ఒకరి భుజం మీద ఒకరు పడ్డారు. తెలుగు రాని కూలీలు కూడా కడుపు పట్టుకున్నారు. పటేలు మంచం మీద నుంచి లేచి, "మల్లొక్కపారి! గదే పదం మల్లొక్కపారి!" అని అరిచాడు.

నేను పంతులు వైపు చూశాను. ఆయన పాడమన్నట్టు చెయ్యి ఊపారు. గొంతు సవరించుకుని మళ్లీ ఎత్తాను. మళ్లీ పిల్లి, మళ్లీ దున్నపోతు. గుంపు మళ్లీ నా వెనకే వచ్చింది. వాళ్లలో నవ్విన వాడు లేడు. అందరూ ముందుకు చూస్తూ, పంతులు నేర్పినట్టు, నా సిగ్గును పన్నెండింతలు చేసి ఊరికి వినిపించారు.

మూడోసారి కొంగు ముఖానికి అడ్డం పెట్టుకుని నిలబడిపోయాను. ఢోలక్ అన్న దరువు పెంచి కాసేపు నెట్టుకొచ్చాడు. ఇక లాభం లేక రాజు వేషం అన్న రాణి పదం కూడా తానే పాడాడు. అడవికి పోయేదీ ఆయనే, పోవద్దని ఏడ్చేదీ ఆయనే. దానికీ నవ్వారు. ఆట ముగిసే దాకా నేను ఆ మధ్యలో చీర కట్టుకుని ఊరికే నిలబడి ఉన్నాను. కాటుక కారి బుగ్గల మీదికి వచ్చిందని తర్వాత చెప్పారు.

హారతి అయ్యాక పంతులు నన్ను బండి చాటుకు పిలిచారు.

"బెల్లం తిన్న పంతులూ," అన్నాను. "రెండు రోజులల్ల సాఫైతది."

ఆయన రెండు వేళ్లతో నా కంఠం పట్టి చూశారు. "అందరు తిన్నరు, అందరి గొంతు మంచిగనే ఉన్నది. బెల్లం గాదు రా ఇది. నీకు మీసమొస్తున్నది."

బావి దగ్గర ముఖం కడుక్కుంటుంటే ఢోలక్ అన్న, "అరే భయ్యా, జర దూరం జరుగుండ్రి. రాణీసాహెబాకు గడ్డమొస్తది," అన్నాడు. ఆయన నన్ను నవ్వించడానికే అన్నాడు. అందరూ నవ్వారు. నేను ముఖం కడుగుతూనే ఉన్నాను.

మర్నాడు పొద్దున పంతులు చీర మడతపెట్టమన్నారు. పెట్టాను. గుంపులో సన్న గొంతు వాడొకడిని పిలిచి, "ఇగ రాణివి నువ్వే," అన్నారు. "చీర మాత్రం వీని అవ్వకు వాపస్ ఇయ్యాలె, నీకు ఇంకొకటి సూద్దాం." నన్నేం చేస్తారో చెప్పలేదు. బండ్లు కడుతున్నారు. ఏ బండి ఎక్కాలో తెలియక నిలబడ్డాను.

అప్పుడే పటేలు సాగనంపడానికి వచ్చాడు. "పంతులూ, వచ్చే యేడు గూడ రావాలె. గా గొంతు ఇరిగేటి పోరన్ని తప్పక తేవాలె. గసుంటి హాస్యం నేనెన్నడు సూడలె!"

పంతులు నా వైపు చూశారు. "ఏం రా, హాస్యగాడి వేషం..."

ఆయన మాట పూర్తి కాకముందే "కడ్త పంతులూ," అన్నాను. నిన్న నన్ను చూసి నవ్విన వాళ్ల ముందు, బండ్ల దగ్గర, అందరూ వింటుండగా అన్నాను. ఎలాగైనా గుంపులో ఉండాలి, అంతే. రాజు వేషం అన్న తల పక్కకు తిప్పుకున్నాడు.

"ఏదీ, ఒక్కపారి అను," అన్నాడు పటేలు. పొయ్యి దగ్గరి నుంచి ఆయన తల్లి కూడా వచ్చింది.

పాడాను. కావాలని పైకెత్తాను. గొంతు విరగలేదు. మందంగా, సమంగా, ఎవరో పెద్దమనిషి గొంతులా వచ్చింది. ఇంకోసారి ప్రయత్నించాను. అదే.

"నిన్న మస్తుగుండె," అన్నాడు పటేలు, మొహం చిన్నబుచ్చుకుని. "గిప్పుడేమో పట్వారి పిలిచినట్టే ఉన్నది."

పంతులు "నడువుండ్రి," అని బండ్లు కదిలించారు. నేను రెండో బండి వెనక నడిచాను. ఎక్కమని ఎవరూ అనలేదు, వద్దనీ అనలేదు.

కాలువ గట్టు ఎక్కాక మొదటి బండి ఆగింది. పంతులు దిగారు. కొత్త రాణి నిన్నటిదాకా గుంపులో వాయించిన చిరుతలు తీసుకుని నా దగ్గరికి వచ్చి, నా చేతుల్లో పెట్టారు.

"కొత్తగ చేరేటోళ్లకు మొదటి అడుగు ఏం నేర్పుత?"

"కుడికాలు పంతులూ."

"ఎయ్యి మరి."

రెండు బండ్లలో ఉన్న వాళ్లందరూ అంచుల మీద మోచేతులు ఆనించి చూస్తున్నారు. చిరుతలు ఝల్లుమనిపించి కాలు ఎత్తాను.

"గది ఎడమకాలు రా," అన్నారు పంతులు. "మల్ల మొదటి నుంచి."